పడమటి ముఖం ఇంటికి ఏసీ ఖర్చు తగ్గాలంటే ముందు దేని మీద ఖర్చు పెట్టాలి: గోడలా, కిటికీలా, స్లాబా?

ప్రశ్న – గుంటూరు గృహస్థు

అందరికీ నమస్కారం. గుంటూరులో 200 గజాల స్థలంలో పడమటి ముఖంగా రెండంతస్తుల ఇల్లు కట్టిస్తున్నాము. పునాదులు పూర్తయి బేస్‌మెంటు మట్టానికి వచ్చాము. గోడల పని ఇంకా మొదలు కాలేదు. పడకగదులు రెండూ పై అంతస్తులో వీధి వైపు, అంటే పడమటి దిక్కున వచ్చాయి. తూర్పున పక్కింటి గోడ దగ్గరగా ఉన్నందువల్ల ప్లాను మార్చే వీలు లేదు.

ఇప్పుడు మేము అద్దెకు ఉంటున్న ఇంట్లో కూడా పడకగది ఇదే దిక్కున ఉంది. మే నెలలో రాత్రి పది గంటలకు గోడ మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగానే తగులుతుంది, ఏసీ వేసి గంట గడిచినా పైకప్పు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. కొత్త ఇంట్లోనూ అదే పరిస్థితి రాకూడదని మా ఆశ.

సలహాలు మాత్రం తలా ఒక రకంగా ఉన్నాయి. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడను మించినది లేదని మేస్త్రీ అంటున్నారు. ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మలు) వాడమని ఇంజనీరు చెబుతున్నారు. కిటికీలకు రెండు పొరల అద్దాలు పెడితే చాలు, మిగిలినవేవీ అక్కర్లేదని కిటికీల వ్యాపారి గట్టిగా చెబుతున్నారు. మూడూ చేయించే స్తోమత మాకు లేదు. వేసవిలో కరెంటు ఖర్చు నిజంగా తగ్గాలంటే ఏ వరసలో ఖర్చు పెట్టాలో, ఎందుకో తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు – భవన రూపకర్త, హైదరాబాదు

గృహస్థు గారూ, గోడలు లేవకముందే అడగడం చాలా మంచిదైంది, ఎందుకంటే ఇప్పుడు తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇల్లు పూర్తయ్యాక ఎన్నో రెట్లవుతుంది. నా అభిప్రాయంలో మీ వరస ఇలా ఉండాలి: మొదట స్లాబు, తరువాత పడమటి కిటికీకి బయటి నీడ, ఆ తరువాత పడమటి గోడ, చివరగా మాత్రమే ఖరీదైన అద్దాలు. కారణాలు చెబుతాను.

గుంటూరు సుమారు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆ తరువాత ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న వేళ కాస్త ఉత్తరానికే వాలి ఉంటాడు. అందువల్ల మనం దక్షిణపు గోడ గురించి ఎంత భయపడినా, నడివేసవిలో దాని మీద నేరుగా పడే ఎండ చాలా తక్కువ. పొద్దంతా ఎండను మోసేది స్లాబు. ఉదయం తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ ఆ భారాన్ని పంచుకుంటాయి. మీ పడకగదులకు పైన స్లాబు, పక్కన పడమర రెండూ ఉన్నాయి కాబట్టి ఇంటి మొత్తంలో అత్యంత వేడెక్కే మూల అదే.

ఇప్పుడు అంకెల్లో చూద్దాము. పై అంతస్తులో 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది, దాని పడమటి గోడకు 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న కిటికీ ఉన్నాయనుకుందాము. గదిలో 26 డిగ్రీలు కావాలి. ఎండలో స్లాబు పై ముఖం 65 డిగ్రీలు, పడమటి గోడ బయటి ముఖం 55 డిగ్రీలు చేరాయనుకుంటే, ఐదు అంగుళాల మామూలు స్లాబు గుండా దాదాపు 1,600 వాట్ల వేడి, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ గుండా దాదాపు 600 వాట్ల వేడి లోపలికి వస్తాయి. నీడ లేని ఆ చిన్న కిటికీ మామూలు అద్దం గుండా సాయంత్రపు ఎండ ఒక్కటే దాదాపు 900 వాట్లు లోపలికి తెస్తుంది. అంటే 20 చదరపు అడుగుల అద్దం, చుట్టూ ఉన్న 100 చదరపు అడుగుల గోడకంటే ఎక్కువ వేడిని లోపలికి పంపుతున్నది. ఒక టన్ను ఏసీ పూర్తి శక్తితో నడిస్తే తోడెయ్యగలిగేది సుమారు 3,500 వాట్ల వేడి. అందులో అత్యధిక భాగం ఈ మూడింటికే సరిపోతుంది. స్లాబు, గోడ కొంత వేడిని తమలో దాచుకొని ఆలస్యంగా విడుదల చేస్తాయి కాబట్టి ఈ మూడూ ఒకే గంటలో కలిసి రావు, అసలు లెక్క ఇంతకంటే చిక్కుగా ఉంటుంది. అయినా దేని వాటా ఎంతో తెలుసుకోవడానికి ఇది చాలు.

ఇదే గదికి స్లాబు మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక) పరిస్తే ఆ 1,600 వాట్లు 300 లోపుకు వస్తాయి. షీటు లేకుండా, ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ పెయింట్ మాత్రమే వేస్తే స్లాబు అంతగా కాలదు కాబట్టి దాదాపు 900 దగ్గర ఆగుతుంది. చవకలో అది గొప్ప మేలే, అయితే దుమ్ము పట్టేకొద్దీ దాని గుణం తగ్గుతుంది గనుక ఏటా వేసవికి ముందు కడగాలి, కొన్నేళ్లకొకసారి మళ్లీ వేయించాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానాన్నే తెచ్చిందంటే కప్పు ఎంత ముఖ్యమో గ్రహించవచ్చు.

గోడ విషయంలో మీ ఇంజనీరు గారి మాట సరైనదే. కాంక్రీటుకు ఉష్ణ వాహకత సుమారు 1.58, కాల్చిన మట్టి ఇటుకకు 0.8 నుంచి 1 వరకు, ఏఏసీ బ్లాకుకు సుమారు 0.18, థర్మోకోల్‌కు 0.035 ప్రాంతంలో ఉంటాయి. ఈ అంకె ఎంత తక్కువైతే వేడి అంత నెమ్మదిగా దాటుతుంది. ఎనిమిది అంగుళాల ఏఏసీ గోడ కడితే పైన చెప్పిన 600 వాట్లు 200 దగ్గరకు వస్తాయి. మన జిల్లాలలో విరివిగా దొరికే ఫ్లైయాష్ ఇటుకలు ఈ విషయంలో ఎర్ర ఇటుకకు దాదాపు సమానమే కాబట్టి, చల్లదనం కోసమని వాటికి మారనక్కర్లేదు.

భారత ప్రభుత్వం 2018 డిసెంబరులో నివాస భవనాల కోసం ఈకో నివాస్ సంహిత అనే నియమావళిని విడుదల చేసింది. అది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలకు ఉద్దేశించినది కనుక మీ ఇంటికి వర్తించదు, అయినా అందులోని ఒక కొలత గుర్తుంచుకోదగినది: కప్పు యూ విలువ 1.2 మించరాదు. చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు ఎన్ని వాట్లు దాటుతాయో చెప్పేదే యూ విలువ. మన మామూలు స్లాబుకు అది 3 పైనే ఉంటుంది. మనం కడుతున్న ఇళ్లలో నూటికి తొంభై ఈ ఒక్క పరీక్షలోనే తప్పుతాయని నా నమ్మకం.

జవాబు – కిటికీల పని చేయించేవాడిని, విజయవాడ

అద్దాల గురించి కొంచెం విడమరచి చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ విషయంలో కొనేవారు ఎక్కువగా అయోమయానికి గురవుతున్నారు. అద్దం రెండు దారుల్లో వేడిని రానిస్తుంది. బయటి వేడిగాలికీ లోపలి చల్లగాలికీ మధ్య ఉన్న తేడా వల్ల అద్దం గుండా పాకి వచ్చేది ఒకటి. ఎండ కిరణం నేరుగా దూసుకొని వచ్చి నేలనూ మంచాన్నీ వేడెక్కించేది రెండవది. ఒంటి పొర అద్దానికి యూ విలువ 5.7 ప్రాంతంలో ఉంటే, మధ్యలో గాలి ఖాళీ ఉన్న రెండు పొరల మామూలు అద్దానికి 2.8 ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి మొదటి దారి సగానికి మూసుకుంటుంది. రెండవ దారిని, అంటే అద్దం మీద పడిన ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో కొలిచే అంకెను ఎస్‌హెచ్‌జీసీ అంటారు; ఒంటి అద్దానికి అది 0.82 అయితే, రెండు పొరల తెల్లద్దానికి కూడా 0.7 చుట్టూనే ఉంటుంది. పడమటి కిటికీకి అసలు శత్రువు ఈ రెండవ దారే కాబట్టి, పూత లేని రెండు పొరల అద్దానికి పోసిన డబ్బులో అధిక భాగం మన వాతావరణంలో వృథా అని నేను మా దగ్గరకు వచ్చేవారికి కూడా చెబుతాను.

లో-ఈ పూత (వేడిని తిప్పికొట్టే, కంటికి కనిపించనంత పలుచని పూత) ఉన్న రెండు పొరల అద్దమైతే ఎస్‌హెచ్‌జీసీ 0.3 ప్రాంతానికి దిగుతుంది. ఆ పూత బయటి అద్దపు లోపలి ముఖాన, అంటే గాలి ఖాళీ వైపున ఉండాలి. వ్యాపారి ఎన్ని పొరలో మాత్రమే చెప్పి ఈ అంకె చెప్పకపోతే, కాగితం మీద రాసిమ్మని అడగండి.

సన్‌షేడ్ గురించి ఒక మాట. మే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు మన ప్రాంతంలో సూర్యుడు దిక్చక్రానికి సుమారు 34 డిగ్రీల ఎత్తున, దాదాపు సూటిగా పడమర ఉంటాడు. రెండడుగుల సన్‌షేడ్ ఆ సమయంలో తన కింద సుమారు అడుగున్నర లోపు మాత్రమే నీడ ఇవ్వగలదు. అయిదు గంటలకు ఆ నీడ ముప్పావు అడుగుకు కుదించుకుపోతుంది. నాలుగడుగుల కిటికీలో మిగిలిన భాగమంతా ఎండే. అందుకని పడమటి కిటికీకి అడ్డంగా పెట్టే సన్‌షేడ్ చాలదు, నిలువుగా మూసేది ఏదో ఒకటి కావాలి: సన్న చెక్క రేకులను వాలుగా అమర్చిన తలుపులు, బయట వేలాడదీసే వెదురు తెరలు, జాలీ గోడ, లేదా చెట్టు. ఇవన్నీ అద్దానికి బయటే ఉండాలి. లోపల వేసే మందపాటి కర్టెన్ కళ్లకు నీడనిస్తుంది కానీ, అప్పటికే అద్దం దాటిన వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది. వెనకటి ఇళ్లలో కిటికీలకు బయటి నుంచి వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లేవారంటే అందులో ఎంతో విజ్ఞత ఉంది.

జవాబు – టెక్సాస్ నుంచి, స్వస్థలం తెనాలి

మా ప్రాంతం డల్లాస్‌లో కూడా వేసవిలో 40 డిగ్రీలు సాధారణమే కాబట్టి పోల్చడానికి కొన్ని వివరాలు ఇస్తున్నాను. ఇక్కడి ఇళ్లు బయటికి ఇటుకతో కట్టినట్లు కనిపిస్తాయి కానీ ఆ ఇటుక పైతొడుగు మాత్రమే. అసలు గోడ చెక్క చట్రం, దాని సందుల్లో గాజుపీచు దట్టించి ఉంటుంది. పైకప్పు కింది అటక మీద అడుగు మందాన అదే పీచు పరుస్తారు. వేడి ప్రాంతాలకు కిటికీల ఎస్‌హెచ్‌జీసీ 0.25 మించకూడదని అమెరికాలోని నమూనా ఇంధన నియమావళి 2012 కూర్పు నుంచి చెబుతున్నది.

అయితే ఇక్కడి పద్ధతిని అక్కడ యథాతథంగా దించుకోవడం సరికాదని నా మనవి. ఇక్కడ కిటికీలు మూసి, ఇల్లంతటికీ ఒకే యంత్రంతో పగలూ రాత్రీ చల్లదనం ఇస్తారు. గుంటూరులో ఒక్క పడకగదికి, అది కూడా రాత్రివేళ మాత్రమే ఏసీ నడుస్తుంది. మిగిలిన గదులకు గాలే ఆధారం. మీరు ఏసీ పెట్టే గదులను గుర్తించి ఖర్చంతా వాటి చుట్టూనే కేంద్రీకరిస్తే, ఇల్లంతా పలుచగా పరచడం కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

జవాబు – విశ్రాంత ఇంజనీరు, రాజమహేంద్రవరం

పై జవాబులలో చాలా భాగంతో ఏకీభవిస్తున్నాను, కానీ ఒక అంశాన్ని చర్చకు పెట్టవలసి ఉంది. వేడి లోపలికి రాకుండా అడ్డుకునే గోడే, లోపల చేరిన వేడిని రాత్రి బయటికి పోకుండా కూడా అడ్డుకుంటుంది. మన మండువా లోగిళ్లలో గోడలు మందంగా ఉన్నా మధ్యలో ఆకాశం తెరిచి ఉండేది. పగటి వేడి రాత్రికి పైకి వెళ్లిపోయేది. నలువైపులా ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) చేసి, పగలంతా కిటికీ అద్దాల గుండా ఎండను రానిచ్చి, రాత్రి తలుపులు మూసుకుంటే ఆ గది ఇటుక గది కంటే ఎక్కువ ఉడికిపోతుంది. కనుక నీడ లేకుండా ఇన్సులేషన్ చేయడం ప్రమాదమే. పగలు మూసి ఉంచడం, సాయంత్రం గాలి తిరగగానే ఎదురెదురు కిటికీలు తెరిచి గదిని చల్లార్చడం, ఆ తరువాతే ఏసీ వేయడం అనే అలవాటు కూడా దానితో జత కావాలి.

రెండవది, ఇన్సులేషన్ గోడకు బయట ఉండాలా, లోపల ఉండాలా అన్నది. గృహస్థు గారు చెప్పిన రాత్రి పది గంటల వెచ్చదనానికి కారణం ఇదే: తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో ఎండ వేడి ఒక ముఖం నుంచి రెండవ ముఖానికి చేరడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడు గంటల ఎండ మనం పడుకునే వేళకు లోపలికి దిగుతుంది. ఏసీ అప్పుడు గదిలోని గాలిని మాత్రమే కాక టన్నుల బరువున్న ఆ ఇటుకనూ చల్లబరచవలసి వస్తుంది. పగలూ రాత్రీ ఏసీ నడిచే కార్యాలయాలకు, బరువైన గోడను లోపల ఉంచి ఇన్సులేషన్‌ను బయట పెట్టడం ఉత్తమం. రాత్రి మాత్రమే నడిచే పడకగదికి లోపలి వైపు ఇన్సులేషన్ ఉంటే గది త్వరగా చల్లబడుతుంది. ఏఏసీ గోడ రెండింటికీ మధ్యస్థంగా పని చేస్తుంది కనుక కొత్తగా కట్టేవారికి నేనూ దానినే సూచిస్తాను.

కాకపోతే ఏఏసీ పనిలో శ్రద్ధ లేకపోతే పగుళ్లు వస్తాయి. పిల్లరూ బ్లాకూ కలిసే చోట చికెన్ మెష్ కొట్టి ప్లాస్టరింగ్ చేయించాలి, బ్లాకులను వానకు తడవనివ్వకూడదు, బరువైన అలమారాలు తగిలించే చోట్లకు ప్రత్యేకమైన బిగింపులు వాడాలి. ఇటుకే కట్టాలని మీ మేస్త్రీ పట్టుబడితే, పడమటి గోడ ఒక్కదానిని రెండు నాలుగున్నర అంగుళాల గోడలుగా, నడుమ రెండు అంగుళాల ఖాళీ వదిలి, ఆ ఖాళీలో ఇన్సులేషన్ షీటు పెట్టి కట్టించండి. వేడిని ఆపడంలో అది ఏఏసీ గోడకు తీసిపోదు, ఇంకా మెరుగే.

జవాబు – ఏసీ సర్వీసింగ్ చేసేవాడిని, ఏలూరు

పెద్దలు చెప్పిన దానికి యంత్రం వైపు నుంచి కొంత చేరుస్తాను. ఏసీకి రెండు పనులు ఉంటాయి: గాలిని చల్లబరచడం, గాలిలోని తేమను నీరుగా మార్చి బయటికి పంపడం. ఇన్సులేషన్ మొదటి పనిని తగ్గిస్తుంది, రెండవదానిని తగ్గించదు. కోస్తాలో ఉక్కపోత ఎక్కువ కాబట్టి, బిల్లు స్లాబు లెక్కంత నాటకీయంగా సగానికి సగం పడిపోతుందని ఆశించవద్దు. తేమ వచ్చే దారులు వేరు. తలుపు కింది సందు, స్లైడింగ్ కిటికీల పట్టాల మధ్య ఖాళీలు, ఏసీ పైపు కోసం గోడకు కొట్టి మూయకుండా వదిలేసిన రంధ్రం. ఈ మూడవది నేను వెళ్లే ఇళ్లలో చాలా వాటిలో కనిపిస్తుంది. పడకగదికి స్లైడింగ్ కన్నా రబ్బరు అంచుతో బిగుతుగా మూసుకునే రెక్క తలుపుల కిటికీ మేలు.

ఇంకొక ముఖ్య విషయం: గదికి ఇన్సులేషన్ చేయించి, పాత అలవాటు ప్రకారం టన్నున్నర ఏసీ కొంటే ప్రయోజనంలో కొంత పోతుంది. అవసరానికి మించిన యంత్రం గదిని గబగబా చల్లబరచి ఆగిపోతుంది, తేమను తోడడానికి దానికి వ్యవధి ఉండదు. గది చల్లగా ఉన్నా జిగట తగ్గదు, మనం ఇంకా కిందికి దించుతాము. మీ గదికి బహుశా ఒక టన్ను ఇన్వర్టర్ యంత్రం సరిపోతుంది; నీడా ఇన్సులేషనూ పూర్తయ్యాకే లెక్క వేయించి కొనండి. స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలన్నీ 2020 జనవరి నుంచి 24 డిగ్రీల మీదే మొదలయ్యేలా నిబంధన ఉంది. గోడా కప్పూ సెగ కొట్టని గదిలో ఫ్యాను తోడుంటే 26 డిగ్రీలు కూడా హాయిగా ఉంటుంది. చుట్టూ ఉన్న గోడలు వేడిగా ఉంటే మాత్రం గాలి 22 ఉన్నా ఒళ్లు మండినట్టే ఉంటుంది, ఎందుకంటే ఆ వేడి గాలితో నిమిత్తం లేకుండా నేరుగా మనకు తగులుతుంది.

గుంటూరు గృహస్థు

అందరికీ కృతజ్ఞతలు. మా నిర్ణయం ఇలా కుదిరింది: స్లాబు మీద ఎక్స్‌పీఎస్, ఆ పైన తెల్ల పలకలు; పై అంతస్తు పడమటి గోడలకు ఎనిమిది అంగుళాల ఏఏసీ; పడమటి కిటికీల సైజు తగ్గించి, బయట మడత పడే రేకుల తలుపులు; అద్దం ఒంటి పొరే. మిగిలిన గోడలు మేస్త్రీ గారి ఇష్టప్రకారం ఇటుకతోనే. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ ముందు రావాలా, షీటు ముందు రావాలా? గోడకు ఏఏసీ వాడినా పిల్లర్లు, బీములు, లింటెళ్లు కాంక్రీటే కదా, వాటి సంగతేమిటి?

జవాబు – భవన రూపకర్త, హైదరాబాదు

మంచి నిర్ణయం. మొదట స్లాబు మీద వాలు, దాని మీద వాటర్‌ప్రూఫింగ్, తరువాత రెండు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి పరీక్ష. కింద ఎక్కడా చెమ్మ కనిపించలేదని నిర్ధారించుకున్నాకే షీట్లు పరచాలి. షీట్ల అంచులు ఒకదానిలో ఒకటి కూర్చుని సందు లేకుండా ఉండాలి. వాటి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని పోనిచ్చే గట్టి సింథటిక్ గుడ్డ), సన్న మెష్‌తో రెండు అంగుళాల కాంక్రీటు, ఆ పైన పలకలు. ఈ వరసలో వాటర్‌ప్రూఫింగ్ పొర ఎండకు ఎండకుండా షీటు కింద భద్రంగా ఉంటుంది కాబట్టి దాని ఆయుష్షు కూడా పెరుగుతుంది. షీటు మందం పోను వర్షపు నీటి గొట్టాల మూతులు సరైన మట్టంలో ఉండేలా, పిట్టగోడ ఎత్తు తగ్గకుండా ఇప్పుడే లెక్క చూసుకోండి. మామూలు థర్మోకోల్‌ను ఇక్కడ వాడవద్దు. నీరు పీల్చుకుంటుంది, బరువుకు నలిగిపోతుంది. గది లోపల వాడదలచినా దానిని జిప్సం బోర్డు వంటి దానితో పూర్తిగా కప్పాలి, నిప్పు తగిలితే వెంటనే అంటుకుంటుంది. తరువాత ఎప్పుడైనా సోలార్ పలకలు పెట్టించుకుంటే వాటి కింద గాలి ఆడే ఎత్తు వదలండి. ఆ నీడ కూడా మీ కప్పుకు లాభమే.

మీ రెండవ సందేహం చాలామందికి తట్టదు. ఏఏసీ కంటే కాంక్రీటు దాదాపు తొమ్మిది రెట్లు సులువుగా వేడిని దాటిస్తుంది. కొత్త ఏఏసీ ఇంట్లో రాత్రివేళ పడమటి గోడ వెంట అరచేయి జరుపుకుంటూ వెళితే పిల్లరు ఎక్కడ మొదలయ్యేదీ కళ్లు మూసుకొని చెప్పవచ్చు. మీ పడమటి ముఖాన ఉన్న పిల్లర్లను, బీములను అంగుళం లోపలికి జరిపి పోయించి, ఆ అంగుళంలో బయటి వైపు ఇన్సులేషన్ షీటు బిగించి, మెష్‌తో ప్లాస్టరింగ్ చేయిస్తే గోడ మట్టం సమంగా వస్తుంది. లింటెల్‌తో కలిపి పోసే సన్‌షేడ్ ఎండలో కాలి ఆ వేడిని నేరుగా లింటెల్ ద్వారా గదిలోకి తెస్తుంది. మీరు ఎలాగూ రేకుల తలుపులు పెడుతున్నారు కనుక, వానకు సరిపడే తేలిక రేకు సన్‌షేడ్‌ను వేరుగా బిగించుకోవడం మంచిది. సెంట్రింగ్ కొట్టకముందే ఈ కొలతలను మీ ఇంజనీరు గారితో కలిసి డ్రాయింగులో వేయించి, నిర్మాణ బలం విషయంలో ఆయన సమ్మతి తీసుకోండి.